పిల్లల చేతికి లారీ: కరెంటు బండా, నైట్రో బండా?



మన బళ్ళారి సీమలో పుట్టిన పిల్లవాడికి లారీని ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. సండూరు కొండల నుంచి ఇనుపరాయి నింపుకొని, తోరణగల్లు, హొసపేట రోడ్ల మీద ఎర్రదుమ్ము రేపుకుంటూ పోయిన లారీలను చూస్తూ ఒక తరం పిల్లలు పెరిగారు. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనుల తవ్వకాన్ని ఆపించింది. తర్వాత కోర్టు అనుమతితో కొన్ని గనులు మళ్ళీ తెరుచుకున్నాయి. లారీలు తగ్గినా పెరిగినా పిల్లల మనసులో లారీ మోజు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు ఆ మోజు తీర్చడానికి చేతిలో పట్టుకొని నడిపే రేడియో లారీలు వచ్చాయి. సత్యనారాయణపేటలో ఒక మేనల్లుడు మేనమామను పట్టుకొని "మామా, కరెంటుది కొనిస్తావా, ఇంజనుది కొనిస్తావా?" అని అడిగాడనుకోండి. ఆ మామ ఏం చెప్పాలి? జవాబు కోసం ఈ రెండు బండ్ల చరిత్రను కాస్త తిరగేయాలి. ఈనాటి ప్రసంగంలో మనం చేయబోయేది అదే.

మొదట మన సొంత బండ్ల సంగతి చూద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు వెళ్ళింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర వైపు ఉండిపోయాయి. పటం మీద గీత పడిందిగాని, పిల్లల ఆటల మీద పడలేదు. గీతకు ఈవలా ఆవలా పిల్లలు జొన్నదంటు చీల్చి, లోపలి బెండును కోసి చక్రాలు చేసుకునేవారు. పైపేళ్ళను చీలలుగా గుచ్చి ఎడ్లబండి కట్టేవారు. మనది జొన్న పండే నేల కాబట్టి మన బొమ్మబండి జొన్నబండి. కొండపల్లిలో తేలికైన పొణికికర్ర దొరికేది, కాబట్టి అక్కడ పొణికి బండి పుట్టింది. విశాఖ వైపు ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిమెన పట్టి, లక్కరంగులు పూసి బొమ్మలు చేశారు. బళ్ళారికి దగ్గరలో, కొప్పళ పక్కనున్న కిన్నాళలోనూ కర్రబొమ్మల పని పేరుగాంచిందే. వీటన్నిటిలో ఒక నీతి కనబడుతుంది. ఊళ్ళో ఏ సరుకు దొరికితే, విరిగినప్పుడు ఎవరు బాగుచేయగలిగితే, బొమ్మబండి ఆ సరుకుతోనే, వాళ్ళ చేతనే నిలిచింది. ఈ మాట గుర్తుంచుకోండి. చివరికి మనకు అక్కరకు వచ్చేది ఇదే.

ఇక రేడియోతో నడిచే బండి. తీగ లేకుండా దూరం నుంచి ఒక పని చేయించవచ్చునని మన దేశంలో చూపించినవాడు జగదీశ్ చంద్ర బోసు. 1895 ప్రాంతంలో ఆయన కలకత్తాలో విద్యుత్ తరంగాలను గోడల గుండా పంపి, అవతల గంట మోగించి, తుపాకిమందు అంటించి చూపించాడు. 1898లో అమెరికాలో నికొలా టెస్లా దూరం నుంచి రేడియోతో నడిచే చిన్న పడవకు పేటెంటు పొందాడు. ఈనాటి బొమ్మలారీకి ఆ పడవే ముత్తాత. దాని కడుపులో ఉన్నది బ్యాటరీ, విద్యుత్ మోటారు. అంటే మొదటి రేడియో బండి కరెంటు బండే.

అలాంటప్పుడు ఇంజను బండి ఎక్కడి నుంచి వచ్చింది? ఆనాటి బ్యాటరీలు బరువు, బలం తక్కువ. విమానాల నమూనాలు చేసేవారికి అవి పనికిరాలేదు. వాళ్ళు చిన్న పెట్రోలు ఇంజన్లు పెట్టుకున్నారు. వాటికి నిప్పురవ్వ కోసం మళ్ళీ ఒక బ్యాటరీ, ఒక కాయిలు మోయాల్సి వచ్చేది. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అనే ఆయన ఆ బరువు తప్పించే గ్లో ప్లగ్గును బజారుకు తెచ్చాడు. అందులో ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. మొదలుపెట్టేటప్పుడు ఒకటిన్నర వోల్టు సెల్లు తగిలిస్తే తీగ ఎర్రగా కాలుతుంది. ఇంజను అందుకున్నాక సెల్లు తీసేయవచ్చు. మిథైల్ ఆల్కహాలు ఆవిరి ప్లాటినానికి తగిలినప్పుడు పుట్టే వేడి, సిలిండరులోని వేడి కలిసి తీగను ఆరనివ్వవు. మన పొయ్యిలో నివురు కింది నిప్పులాంటిది ఇది.

మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఆ 1947లోనే, డిసెంబరులో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. మన ఇళ్ళలోకి చేతి రేడియోను తెచ్చింది ఇదే. కాబట్టి ఒకే ఏట రెండు దారులు తెరుచుకున్నాయి. గ్లో ప్లగ్గు ఇంజను బండిని ముందుకు తోసింది. ట్రాన్సిస్టరు రేడియో పెట్టెను చిన్నది చేసి, కరెంటు బండికి బలం పోసింది. ఇంజను దారి ముందు గెలిచింది, కరెంటు దారి నిదానంగా వచ్చి అందుకుంది.

1966లో ఇటలీలో ఎల్జీ అనే బొమ్మల కంపెనీ రేడియోతో నడిచే ఫెరారీ కారును అమ్మకానికి పెట్టింది. 1970లలో జపానులోని షిజువోకా పట్టణపు టామియా కంపెనీ విడిభాగాలుగా అమ్మే కరెంటు కార్లను తెచ్చింది. 1976లో వచ్చిన పోర్షే 934 బాగా పేరు తెచ్చుకుంది. 1979లో ఇసుకలో, మట్టిలో తిరిగే బండ్లు వచ్చాయి. 1987లో నాలుగు పెద్ద చక్రాల క్లాడ్ బస్టర్ అనే లారీ వచ్చింది. వాటిలో నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. పావుగంట ఆడితే సెల్లు నీరసించేది. అందుకే వేగం కావాలన్నవారు ఇంజను వైపు చూశారు. 1999లో అమెరికాలోని ట్రాక్సాస్ కంపెనీ టి-మాక్స్ అనే నైట్రో లారీని విడుదల చేసింది. పొగ కక్కుతూ, గుర్రుమంటూ పరుగెత్తే ఆ లారీ నైట్రో మోజును లోకమంతా పాకించింది.

ఆ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారులో పెట్టింది. దాని చుట్టం లిథియం పాలిమర్ 2000 తర్వాత బొమ్మబండ్లలోకి వచ్చింది. బ్రష్షులు లేని మోటార్లూ వచ్చాయి. దాంతో కరెంటు బండి వేగంలో నైట్రోను దాటింది. 2008లో అదే ట్రాక్సాస్ కంపెనీ తెచ్చిన స్లాష్ అనే కరెంటు లారీ కొత్తవారికి ఇష్టమైన బండి అయింది. నైట్రోతో పేరు తెచ్చుకున్న కంపెనీయే కొత్తవారి చేతికి కరెంటు లారీ ఇచ్చిందన్న మాట.

సరే, నైట్రో అంటే ఏమిటి? అది పెట్రోలు కాదు. పెట్రోలు పోస్తే ఆ ఇంజను ఆడదు. ముఖ్యంగా మిథైల్ ఆల్కహాలు, దానికి తోడు నైట్రోమీథేను, ఇంజను అరిగిపోకుండా నూనె కలిపిన ద్రవం అది. ఆ నూనె ఏమిటో వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. అది మన ఆముదం! ఇప్పుడు కృత్రిమ నూనెలూ కలుపుతున్నారుగాని, ఆముదం పూర్తిగా పోలేదు. ఎంత వేడికైనా లోహాన్ని విడవకుండా అంటిపెట్టుకునే గుణం దానిది. మొదటి ప్రపంచ యుద్ధంలో గిరగిర తిరిగే విమాన ఇంజన్లకు ఆముదమే పోశారు. అది పెట్రోలులో కరిగిపోదు కాబట్టి. 1909లో ఇంగ్లండులో కాస్ట్రాల్ అనే నూనెకు ఆ పేరు పెట్టింది కూడా ఆముదానికి ఇంగ్లీషువారి పేరైన కాస్టర్ నుంచే. మహబూబ్‌నగర్, నల్గొండ, కర్నూలు ఎర్రనేలల్లో మన రైతులు పండించిన పంట ఇది. నేడు ప్రపంచంలో ఆముదం పండించడంలో మన దేశానిదే మొదటి స్థానం. అందులో గుజరాత్ ముందుంది.

ఆముదం మనదే కదా అని ఇంట్లోని వంటాముదాన్ని ఇంజనులో పోయకండి. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి తీసే వంటాముదంలో తేమ, జిగట మిగిలిపోతాయి. ఇంజనుకు కావలసింది వడగట్టి శుద్ధిచేసిన నూనె.

అసలు భయం ఆముదంతో కాదు, మిథైల్ ఆల్కహాలుతో. 1981లో బెంగళూరులో కల్తీసారా తాగి మూడు వందలకు పైగా మనుషులు చనిపోయారు. ఆ కల్తీ ఈ మిథైల్ ఆల్కహాలే. కొద్దిగా లోపలికి పోయినా కంటిచూపు పోవచ్చు. చర్మం గుండా కూడా ఇంకుతుంది. పట్టపగలు దాని మంట కంటికి సరిగా కనబడదు. ఇటువంటి ద్రవాన్ని పదేళ్ళ పిల్లవాడి చేతికి ఇవ్వవచ్చునా? ఖాళీ నీళ్ళసీసాలో పోసి అటక మీద పెట్టవచ్చునా? తల్లిదండ్రులు ఆలోచించాలి. మండే ద్రవాలను తపాలా పార్సిల్లో పంపడం నిషేధం కాబట్టి, పోస్టులో తెప్పించుకునే వీలూ లేదు. పక్క వీధి దుకాణంలో అడిగితే దొరికే సరుకూ కాదు. జొన్నబండి నీతి ఇక్కడ గుర్తుచేసుకోండి. సరుకు దొరకని బండి నాలుగు రోజులు ఆడి మూలన పడుతుంది. డబ్బు పోతే పోయింది, దానితోపాటు పిల్లవాడి ఉత్సాహమూ మూలన పడుతుంది. అసలు నష్టం అది.

నైట్రో ఇంజనుకు ఓపిక కూడా కావాలి. కొత్తలో లారీని మెల్లగా రన్నింగ్ ఇన్ చేసినట్లే, మొదటి కొన్ని ట్యాంకులు మెల్లగా ఆడించాలి. కార్బ్యురేటరు సూదిని చలికి ఒక తీరున, మన ఎండాకాలపు నలభై డిగ్రీల వేడికి ఇంకొక తీరున తిప్పుకోవాలి. ఆట అయ్యాక మిగిలిన ద్రవం తీసేసి, లోపల తుప్పు పట్టకుండా నూనె చుక్కలు వేయాలి. మన నల్లరేగడి దుమ్ముకు గాలి వడపోత మాటిమాటికీ కడగాలి. వీధిలో ముసలివారు, చదువుకునే పిల్లలు ఉంటే ఆ రొదకు తగవులు తప్పవు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఇంజను అంటే ఏమిటో చేత్తో తాకి నేర్పే గురువు నైట్రో. మెకానిక్ షెడ్డులో పెరిగిన కుర్రవాడికి, పక్కన పెద్దవాళ్ళు ఉంటే, రెండో బండిగా అది మంచిదే. మొదటి బండిగా మాత్రం కాదు.

కాబట్టి మొదటి బండి కరెంటుదే కొనండి. కొనేటప్పుడు నాలుగు సంగతులు అడగండి. మొదటిది, విడిభాగాలు దొరుకుతాయా? పళ్ళచక్రం, చక్రాన్ని పట్టే చెయ్యి విడిగా అమ్మని బండి ఒకసారి గోడకు తగిలితే చెత్తబుట్టకే. రెండోది, బ్రష్షుల మోటారు, నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉన్న బండితో మొదలుపెట్టండి. వేగం తక్కువైనా తప్పులకు ఓర్చుకుంటుంది. లిథియం బ్యాటరీ అయితే దానికి తగిన చార్జరే వాడండి, మనిషి లేకుండా చార్జింగులో వదలకండి. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ ముట్టకండి, అది అంటుకుంటే ఆర్పడం కష్టం. ఎండలో మూసిన కారులో ఏ బ్యాటరీనీ పెట్టకండి. మూడోది, చక్రాలు పెద్దవిగా, అడుగు ఎత్తుగా ఉండాలి. మన సందుల గతుకులకు అదే తగినది. నాలుగోది, రేడియో ఏ రకం? పాతకాలపు 27 మెగాహెర్ట్జ్ బండ్లు రెండు ఒకే చానల్లో ఉంటే, రాత్రిపూట మీడియం వేవ్‌లో రెండు స్టేషన్లు కలిసిపోయినట్లు, ఒకరి బండి ఇంకొకరి మాట వినేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో ఆ బాధ లేదు. ఒక్కొక్క బండి తన యజమానినే గుర్తుపడుతుంది. తక్కువ శక్తితో పనిచేసే ఈ సెట్లకు 2005లో కేంద్రం లైసెన్సు బాధ కూడా తప్పించింది.

ఇంకొక మాట. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పధ్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. పిల్లల బొమ్మగా అమ్మే లారీ పెట్టె మీద ఆ గుర్తు ఉందో లేదో చూసి కొనండి. బొమ్మ చవక అని చూడకండి, చార్జరు సంగతి చూడండి.

మేనమామ జవాబు ఇప్పుడు సులువు. "కరెంటుది కొనిస్తాను అల్లుడూ, విరిగితే ఇద్దరం కూర్చొని విప్పుదాం" అంటే చాలు. జొన్నబెండు చక్రం విరిగితే ఇంకొకటి కోసుకున్న మన పెద్దల పద్ధతి అదే. సరుకు చేతికందాలి, పని చేతికి రావాలి. ఈ రెండూ ఉంటే బొమ్మలారీ కూడా పిల్లవాడికి ఒక బడి అవుతుంది.