లీజు కారు పదే పదే షెడ్డుకు వెళుతుంటే: డీలరుతో, లీజు కంపెనీతో వ్యవహారం

కారు సర్వీస్ సెంటర్లో ఇరవై రోజులుగా పడి ఉంది. అద్దె మాత్రం నెల మొదట్లోనే ఖాతాలోంచి కట్ అయిపోయింది. డీలరును అడిగితే "బండి మీ పేరు మీద లేదు కదా సార్, లీజు కంపెనీతో మెయిల్ పెట్టించండి" అంటాడు. లీజు కంపెనీకి ఫోన్ చేస్తే "వారంటీ తయారీదారుది, రిపేరు డీలరుది, మాకేం సంబంధం" అంటారు. తయారీ కంపెనీ కస్టమర్ కేర్ ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చి మళ్ళీ ఆ డీలరు దగ్గరికే పంపుతుంది.

బెంగళూరు, చెన్నై, పుణెల్లో జీతంలో భాగంగా కారు లీజు తీసుకున్న మనవాళ్ళు చాలామంది ఉన్నారు. సొంత కారైతే డీలరుతో నేరుగా తగువు పడవచ్చు. లీజు కారుకు యజమాని ఒకరు, నడిపేవారు ఒకరు, కొన్నిసార్లు లీజు ఒప్పందం మీద సంతకం పెట్టింది మూడోవారు, అంటే మీ ఆఫీసు. డీలరు తప్పించుకునేది ఈ సందులోంచే. అందుకని రిపేరు గురించి గొడవ మొదలుపెట్టక ముందే ఆ సందును కాగితంతో మూయాలి.

ముందు ఆర్‌సీ చూడండి

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉందో, దాని మీద లీజు అని నమోదైందో లేదో చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 51 ప్రకారం లీజు ఒప్పందాన్ని ఆర్‌సీలో నమోదు చేస్తారు. అదే చట్టం సెక్షన్ 2(30)లో "ఓనర్" అనే మాటకు ఇచ్చిన అర్థం ఇంకా ముఖ్యం. లీజు ఒప్పందం కింద ఉన్న బండి విషయంలో, ఆ ఒప్పందం ప్రకారం బండి ఎవరి స్వాధీనంలో ఉందో వారే ఆ చట్టం దృష్టిలో ఓనర్. అది రవాణా చట్టం పనులకు చెప్పిన అర్థమే, దానితో వారంటీ హక్కులన్నీ వచ్చేయవు. అయినా "మీరు ఓనర్ కాదు" అని కౌంటర్లో అనే మనిషికి చూపించడానికి పనికొస్తుంది.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(7) ఇంకొంచెం ముందుకు వెళుతుంది. వస్తువు కొన్నవారి అనుమతితో దాన్ని వాడుకునేవారు కూడా వినియోగదారుడే. సేవకు డబ్బు కట్టినవారి అనుమతితో ఆ సేవ పొందేవారూ అంతే. కాబట్టి లీజు కంపెనీ నుంచి, ఆఫీసు మధ్యలో ఉంటే ఆఫీసు నుంచి కూడా, రెండు వాక్యాల ఉత్తరం తెచ్చుకోండి: ఫలానా నంబరు బండిని ఫలానావారు మా అనుమతితో వాడుతున్నారు, రిపేర్లు, వారంటీ విషయంలో డీలరుతోనూ తయారీదారుతోనూ మాట్లాడే అధికారం వారికి ఉంది. హెచ్‌ఆర్‌లో అడిగితే ఇవ్వడానికి పెద్దగా అభ్యంతరం చెప్పరు. గొడవ ముదిరాక అడిగితే మాత్రం లీగల్ డిపార్ట్‌మెంటుకు పంపి కూర్చోబెడతారు.

ఒక చిక్కు ఉంది. వ్యాపారం కోసం కొన్నవారు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. "లీజు కంపెనీ కారు కొన్నదే వ్యాపారానికి, కాబట్టి ఈ ఫిర్యాదు చెల్లదు" అని డీలరు వకీలు వాదిస్తాడు. కంపెనీ పేరున బండి ఉన్నంత మాత్రాన అది వాణిజ్య అవసరం అయిపోదని సుప్రీంకోర్టు 2024 జులైలో డెయిమ్లర్ క్రైస్లర్ ఇండియా కేసులో చెప్పింది. ఆ కారును కంపెనీ తన డైరెక్టరు సొంత వాడకం కోసం కొన్నది. అసలు వాడకం దేనికోసం అన్నదే ప్రశ్న. అది లీజు కేసు కాదు. అందుకే నా సలహా, ఫిర్యాదును "కారులో తయారీ లోపం" అన్న ఒక్క మాట మీద నిలబెట్టవద్దు. "రిపేరు సేవలో లోపం" అన్నదాన్ని ముందు పెట్టండి. బండిని అప్పగించింది మీరు, జాబ్ కార్డు మీద సంతకం మీది, సేవ పొందవలసింది మీరు. ఆ వాదన గట్టిగా నిలబడుతుంది.

జాబ్ కార్డు: అసలు పోరు ఇక్కడే

సర్వీస్ అడ్వైజర్‌తో కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఎంతసేపు మాట్లాడినా, అతను జాబ్ కార్డు మీద ఇంగ్లీషులో "జనరల్ చెకప్" అని కొట్టి సంతకం పెట్టమంటాడు. ఆ రెండు మాటలే తర్వాత సాక్ష్యం. మీరు చెప్పిన సమస్య అందులో లేకపోతే అది మీరు చెప్పనట్టే.

అందుకని ఇంట్లోనే కూర్చుని సమస్యను ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. "కారు కుదుపుగా ఉంది" అని కాదు. "పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన పది నిమిషాల్లో, రెండో గేరులో, 30 కిలోమీటర్ల వేగం దగ్గర కుదుపు, వేడెక్కాక తగ్గుతుంది, వారంలో నాలుగు రోజులు వస్తోంది" అని రాయండి. ఆ మాటలే జాబ్ కార్డులో ఎక్కించమనండి. ఎక్కించడానికి కుదరదంటే అక్కడే నిలబడి అవే మాటలతో డీలరు అధికారిక మెయిల్‌కు పంపండి. మీటరు రీడింగు, బండి ఇచ్చిన తేదీ, టైము అందులో ఉండాలి.

రెండోసారి వెళ్ళినప్పుడు పాత జాబ్ కార్డు నంబరు చెప్పి, "ఇదే సమస్య మళ్ళీ" అని రాయించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఒకే సమస్య మీద నాలుగు జాబ్ కార్డులు ఉండటం వేరు, నాలుగు వేర్వేరు చెకప్‌లు ఉండటం వేరు.

స్కానర్ పెట్టి చూస్తే వచ్చిన ఎర్రర్ కోడ్‌ల ప్రింటు అడగండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామంటే ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కో అడగండి. భాగం మార్చామంటే పాతది చూపించమనండి. వారంటీ కింద చేసిన పనికి డబ్బు తీసుకోరు కాబట్టి బిల్లు అక్కర్లేదంటారు. అక్కర ఉంది, సున్నా రూపాయల ఇన్వాయిస్ అయినా తీసుకోండి. చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపమే.

బండి తిరిగి తీసుకునేటప్పుడు అడ్వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పండి. సమస్య ఉంటే "సంతృప్తిగా తీసుకున్నాను" అన్న చోట సంతకం ఊరికే పెట్టకుండా, "సమస్య అలాగే ఉంది" అని రాసి పెట్టండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు, మీ రాతలో ఉండటమే ముఖ్యం. వాళ్ళ ఫీడ్‌బ్యాక్ కాల్‌కు మొహమాటానికి "పది మార్కులు" ఇచ్చేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. పాపం ఆ అడ్వైజరు ఉద్యోగం పోతుందని. ఆ పది మార్కులు కూడా రికార్డే.

అద్దె ఆపవద్దు

కారు లేనప్పుడు అద్దె ఎందుకు కట్టాలన్న కోపం న్యాయమైనదే. కానీ లీజు ఒప్పందాల్లో చాలావాటిలో బండి నడిచినా నడవకపోయినా అద్దె కట్టాల్సిందేనన్న నిబంధన ఉంటుంది. ఆపితే తప్పు మీది అవుతుంది. బండిని వాళ్ళే తీసుకుపోతారు, క్రెడిట్ రికార్డు చెడుతుంది, ఆఫీసు లీజు అయితే మొత్తం జీతంలోంచే పోతుంది. "అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను, బండి షెడ్డులో ఉన్న రోజుల అద్దె తిరిగి అడిగే హక్కు వదులుకోవడం లేదు" అని ప్రతి నెలా లీజు కంపెనీకి ఒక మెయిల్ పెట్టి కట్టండి. ఒప్పందంలో మెయింటెనెన్స్ కూడా కలిపి ఉంటే, బదులు కారు ఇచ్చే షరతు ఉందేమో వెతకండి. ఉండి కూడా అడగని ఇళ్ళు ఉన్నాయి.

ఒప్పందంలోని నిబంధనే అన్యాయమైనదని కొట్టేయించాలనుకుంటే అది జిల్లా కమిషన్ పని కాదు. అనుచిత ఒప్పందాల మీద ఫిర్యాదులు రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి.

ఎవరికి రాయాలి, ఏమి అడగాలి

మూడోసారి కూడా బాగుపడకపోతే మాటలు ఆపి రాతలోకి దిగండి. ఒకే ఉత్తరం డీలరు జనరల్ మేనేజరుకు, తయారీ కంపెనీకి, లీజు కంపెనీకి కలిపి పంపండి. ముగ్గురూ ఒకరి జవాబు ఒకరు చూస్తారు, ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం కష్టమవుతుంది. తయారీ కంపెనీని తప్పక చేర్చాలి. డీలరు చేసిన తప్పుకు తయారీదారు దానంతట అదే బాధ్యుడు కాదని, దానికి తెలిసిందనో పాత్ర ఉందనో ఫిర్యాదులో చెప్పి చూపించాలని టాటా మోటార్స్ మీద వచ్చిన గోవా కేసులో సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. తయారీదారుకు తెలుసు అని చూపించేది మీ ఉత్తరమే.

"కొత్త కారు ఇవ్వాలి" అని మొదటి ఉత్తరంలోనే అడగడం మన అలవాటు. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి "లెమన్ లా" గురించి చెబుతుంటారు. పదే పదే చెడిపోయే కొత్త కారును కంపెనీయే వెనక్కి తీసుకోవాలన్న చట్టం అది. మన దేశంలో కార్లకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. వారంటీలో రాసింది లోపమున్న భాగాన్ని బాగుచేయడమో మార్చడమో అయితే, కారు మొత్తం మార్చమనలేమని మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. పైగా లీజు కారు డబ్బు వాపసు వచ్చినా అది యజమానికి, అంటే లీజు కంపెనీకి పోతుంది, మీకు కాదు. మీరు అడగాల్సినవి వేరు: ఫలానా తేదీలోగా రిపేరు, తయారీ కంపెనీ ఇంజనీరు తనిఖీ, బండి లేని రోజుల అద్దె, క్యాబ్ ఖర్చులు, ఇక కుదరకపోతే పెనాల్టీ లేకుండా లీజు ముగింపు.

ఫిర్యాదు ఎక్కడ

పదిహేను రోజుల్లో జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు, సొంత రాష్ట్రం బయట ఉన్న మనకు ఇది చిన్న వెసులుబాటు కాదు. అది కోర్టు కాదు, కంపెనీకి ఫిర్యాదు పంపి పరిష్కారం అడుగుతుంది. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్.

హోసూరులో ఉండి బెంగళూరులో కారు తీసుకున్నవారు, బరంపురంలో ఉండి విశాఖలో తీసుకున్నవారు, యానాంలో ఉండి పీవై నంబరు బండిని కాకినాడ షెడ్డులో ఇచ్చేవారు, అందరికీ ఒకటే సందేహం: ఏ రాష్ట్రంలో వేయాలి? 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం డీలరు ఊళ్ళోనే కాదు, మీరు నివసించే చోటో పనిచేసే చోటో కూడా వేయవచ్చు. మీరు కట్టిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్. 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. ఇక్కడ లెక్క మీరు చెల్లించినదాన్ని బట్టి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. తెలుగులో ఉన్న కాగితాలకు అనువాదం జత చేయండి. గడువు రెండేళ్ళు.

లోపం పరీక్షిస్తేగానీ తేలదనుకుంటే కమిషన్ ప్రయోగశాలకు పంపవచ్చు, ఆ ఖర్చు ముందు మీ మీద పడవచ్చు. సాక్ష్యం లేని "తయారీ లోపం" వాదనలు ఓడిపోయేది ఎక్కువగా ఈ మెట్టు మీదే.

లీజు ముగింపు దగ్గర పడితే ఇంకో పని ఉంది. బండి తిరిగి తీసుకునేటప్పుడు తనిఖీ చేసి, అరుగుదలకు మించిన నష్టం అంటూ బిల్లు వేస్తారు. పాత గేర్‌బాక్స్ గొడవ అప్పుడు "మీ డ్రైవింగ్ వల్ల" అని మారిపోవచ్చు. జాబ్ కార్డుల కట్ట, మెయిళ్ళు, ఫోటోలు అప్పగించే రోజున వెంట తీసుకెళ్ళి, తనిఖీ కాగితం మీద మీ అభ్యంతరం రాసి, దాని కాపీ చేతికి వచ్చాకే తాళాలు ఇవ్వండి.