ప్రభుత్వ ఆసుపత్రుల నర్సులు - పదోన్నతి సోపానాలు, పురస్కారాలు

రోగి చెంత అహర్నిశలు ఉండి సేవలందించే నర్సుల వృత్తిపరమైన ఎదుగుదల ఆసుపత్రుల పనితీరుతో ముడిపడిన అంశం. ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. దీనితో ముత్యంపేట, కోరుట్ల వంటి ప్రాంతాల ప్రజలకు బోధనాసుపత్రి చేరువైంది. నిపుణులైన నర్సుల ఆవశ్యకత కూడా పెరిగింది.

హోదాలు

కేంద్ర ప్రభుత్వం 2016లో స్టాఫ్ నర్సు హోదాను నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇదే మార్పు చేసింది. హెడ్ నర్సు సీనియర్ నర్సింగ్ ఆఫీసర్‌గా, గ్రేడ్-2 సూపరింటెండెంట్ డిప్యూటీ నర్సింగ్ సూపరింటెండెంట్‌గా, గ్రేడ్-1 సూపరింటెండెంట్ చీఫ్ నర్సింగ్ ఆఫీసర్‌గా మారారు. గౌరవం హెచ్చినా సోపానాలు మునుపటివలె నాలుగే. 2024 జనవరి 31న 6,956 మంది నర్సులకు నియామక పత్రాలు అందజేశారు. ఒకేసారి ప్రవేశించిన ఇందరికి పై పోస్టులు పరిమితం. పదోన్నతి లభించని ఉద్యోగులకు 6, 12, 18, 24 సంవత్సరాల సర్వీసుపై వేతన ప్రయోజనం కల్పించే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం కొంత ఊరట.

విద్య, నైపుణ్యం

జీఎన్ఎం అర్హత గలవారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ, అనంతరం రెండేళ్ల ఎమ్మెస్సీ పూర్తిచేసి బోధనారంగంలో ప్రవేశించవచ్చు. అయితే పదోన్నతి పొందిన నర్సు పరిపాలనకో, బోధనకో మళ్లడంతో ఆమె అనుభవం రోగికి దూరమవుతున్నది. అమెరికాలో పెట్రీషియా బెన్నర్ 1984లో నర్సు నైపుణ్యాన్ని ఐదు దశలుగా వర్గీకరించారు. వార్డులోనే ఉంటూ హోదా పెంచుకునే విధానాలకు అది ప్రాతిపదిక అయింది.

మన రాష్ట్రంలో ఇందుకు సమీపమైన ఉదాహరణ మిడ్‌వైఫరీ శిక్షణ. 2017లో యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సహకారంతో 30 మంది నర్సులకు 18 నెలల శిక్షణ ప్రారంభమైంది. ప్రసూతి సేవలకు దూరం కాకుండానే ప్రత్యేక నైపుణ్యం సాధించే అవకాశం దీనివల్ల కలిగింది.

పురస్కారాలు

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 1973లో జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారాలను నెలకొల్పింది. ఏఎన్ఎంలు, లేడీ హెల్త్ విజిటర్లు, నర్సులు ఇందుకు అర్హులు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ రెండేళ్లకొకసారి ఫ్లోరెన్స్ నైటింగేల్ పతకం ప్రదానం చేస్తున్నది. నైటింగేల్ జన్మదినమైన మే 12ను అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా పాటిస్తారు.

పురస్కారాలు కొందరికే లభిస్తాయి. నైపుణ్యానికి తగిన సోపానం మాత్రం ప్రతి నర్సుకూ అందుబాటులో ఉన్నప్పుడే అనుభవజ్ఞులు రోగి చెంత నిలుస్తారు.