చవుడు మిద్దె

హంపికి వెళ్ళినవారు రాతి గుడులను చూసి వస్తారు. వాటి చుట్టూ కాపురముండిన సామాన్యుల ఇళ్ళేమయ్యాయని అడిగేవారు తక్కువ. 1565లో నగరం కొల్లబోయిన మాట నిజమే. కానీ మట్టి ఇంటిని కూల్చడానికి సైన్యాలు రానక్కరలేదు. కొన్ని వానకాలాలు దాని కప్పును ఎవరూ పట్టించుకోకపోతే చాలు. రాయలసీమ మిద్దెల్లో పెరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కోస్తాలో అంతకంటే చాలా ఎక్కువ. అందుకే అక్కడ తాటాకు, గూనపెంకు, 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో కార్ఖానా పెట్టిన తరువాత మిల్లు పెంకు, అన్నీ వాలు కప్పులే. సీమలో చదునైన మట్టి మిద్దె. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిపై సన్నని కట్టెలు, ఆకూ అలమూ, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చవుడు. వెలుతురుకు గవాచి.

పైరుకు పనికిరాని చవిటి నేల ఇంటికి గొడుగు కావడం వింతగా తోస్తుంది. ఆ మన్నులో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడివడి సందుల్లోకి చేరి వాటిని మూసివేస్తాయి. నీరు లోనికి దిగక, వాలు వెంట జారిపోతుంది. అయితే ప్రతి వానా కొంత చవుడును కడుక్కుపోతుంది, ప్రతి ఎండా కప్పును నెర్రెలు విచ్చేలా చేస్తుంది. కనుక మృగశిర కార్తె రాకముందే మిద్దెపై మొలిచిన గడ్డి పీకి, ఎలుక బొరియలు పూడ్చి, బండ్లతో చవుడు తోలించి, తట్టలతో పైకెక్కించి పరిచేవారు.

గుడికి మాన్యమిచ్చిన రాజులు ‘ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణ’కని శాసనాల్లో చెక్కించారు. ఇంటి కప్పు కోసం నిచ్చెనలెక్కి తట్టలు మోసిన ఆడవారి శ్రమకు శాసనం లేదు. చరిత్రకారుడికి రాయి దొరుకుతుంది, ఏటేటా జరిగే పని దొరకదు.

ఈ పనిలోనే ఒక ప్రమాదమూ దాగి ఉంది. 15 సెంటీమీటర్ల మందాన మట్టి ఉంటే చదరపు మీటరుకు బరువు సుమారు పావు టన్ను. పాతది తీయకుండా ఏటా కొత్తది పోస్తే దూలం మోయవలసింది పెరుగుతూనే ఉంటుంది. దానికి చెదలు తోడైతే, ముసురులో మట్టి నాని మరింత బరువెక్కితే, ఇల్లు నిద్రలో ఉన్నవారి మీదనే కూలుతుంది. మట్టి మిద్దె చల్లదనాన్ని తలచుకొని మురిసిపోయేవారు ఈ చావులను మరచిపోకూడదు. సిమెంటు స్లాబు రాగానే జనం మిద్దెలను వదులుకున్నది ఆడంబరం కోసమే అనడం అన్యాయం.

మా జేజినాయన చవుడు వేయించేనాడు పలుగు చేతబట్టి తానే ముందు మిద్దెక్కేవారు. పాత మట్టి గీకించి, కిందికి దిగిన తట్టలెన్నో లెక్కపెట్టి, అన్ని తట్టలే పైకి రానిచ్చేవారు. ఆయన పోయాక మేము మూడేళ్ళు చవుడు వేయించాము, గీకించలేదు. ఒక కార్తీకమాసపు ముసురులో నడింటి దూలం విరిగింది. ఆ రాత్రి అక్కడ ఎవరూ పడుకొని లేరు.