నీళ్ళ ఫార్ములాలో ఆ రెండు

స్కూల్లో ఫార్ములా రాయడాన్ని ఒక ట్రిక్కులా నేర్పుతారు. రెండు మూలకాలూ పక్కపక్కన రాయి, సంయోజకతలు అటుది ఇటు, ఇటుది అటు మార్చి కింద పెట్టు, అయిపోయింది. అల్యూమినియంకి మూడు, ఆక్సిజన్‌కి రెండు, కాబట్టి ఏఎల్‌టూఓత్రీ. ఆ అంకెలు అసలు ఎలా తేలాయన్నది మాత్రం సిలబస్‌లో ఉండదు. వాటి వెనక యాభై ఏళ్ళ తగువుంది.

1808లో జాన్ డాల్టన్ లెక్కలో నీళ్ళంటే హెచ్‌ఓ. ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్. నవ్వే ముందు ఆయన ఇబ్బంది చూడండి. తూకంలో నీళ్ళంటే ఒక వంతు హైడ్రోజన్, ఎనిమిది వంతుల ఆక్సిజన్. పరమాణువులు ఒకటికొకటి అనుకుంటే ఆక్సిజన్ బరువు 8. రెండు హైడ్రోజన్‌లకి ఒకటి అనుకుంటే 16. ఫార్ములా తెలియాలంటే పరమాణు భారం కావాలి, భారం తెలియాలంటే ఫార్ములా కావాలి. మా ఆఫీసు భాషలో సర్క్యులర్ డిపెండెన్సీ. మన సామెతలో పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు. డాల్టన్ ఒక నియమం పెట్టుకున్నాడు: రెండు మూలకాల మధ్య ఒకే సమ్మేళనం తెలిసుంటే, అది ఒకటికొకటే. అంటే డిఫాల్ట్ వాల్యూ.

ముడి విప్పే కొస త్వరలోనే దొరికింది. వాయువుల ఘనపరిమాణాలు కొలిచిన గే-లుసాక్‌కి, రెండు పాళ్ళ హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే రెండు పాళ్ళ ఆవిరి వస్తుందని తేలింది. 1811లో అవొగాడ్రో దీనికి అర్థం చెప్పాడు: ఒకే ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర సమాన ఘనపరిమాణాల్లో అన్నే అణువులుంటాయి, ఆక్సిజన్ అణువు ఒక జంట, నీరయ్యేటప్పుడు అది చీలుతుంది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఒకే జాతి పరమాణువులు జతకట్టడమేమిటి, ఒకే విద్యుత్తున్నవి వికర్షించుకోవూ అన్నది బెర్జీలియస్ పక్షం.

మనం వాడే అక్షరాలు ఆ బెర్జీలియస్‌వే. 1813-14లో డాల్టన్ గీసిన వలయాల బదులు లాటిన్ పేర్ల మొదటి అక్షరాలు పెట్టాడు. నీళ్ళకి రెండు హైడ్రోజన్‌లే రాశాడు కూడా. అయినా తర్వాతి తరంలో చాలామంది మళ్ళీ హెచ్‌ఓకే వెళ్ళారు. లిపి కుదిరింది, అంకె కుదరలేదు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లానికి వాడుకలో ఉన్న 19 ఫార్ములాలని 1861లో కెకూలే తన పాఠ్యపుస్తకంలో వరసగా అచ్చువేశాడు. సింటాక్స్ అన్నిట్లోనూ కరెక్టే.

ఈ గందరగోళం తేల్చుకోవడానికే 1860 సెప్టెంబరులో వందమందికి పైగా రసాయనవేత్తలు జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మూడు రోజులు కూర్చున్నారు. మొదటి చర్చే అణువు, పరమాణువు వేరా అని. తెలుగు పాఠ్యపుస్తకం రెండు వేరు మాటలతో సునాయాసంగా దాటేసే తేడా అది. సభ ఏమీ తేల్చకుండానే ముగిసింది. చివర్లో మాత్రం ఇటలీవాడు కన్నిజ్జారో రెండేళ్ళ ముందు రాసిన చిన్న పుస్తకం పంచారు. పద్ధతి సులువు: ఒక మూలకం ఉన్న రకరకాల సమ్మేళనాల ఆవిరి సాంద్రత కొలువు, దాన్నుంచి అణుభారం కట్టు, అందులో ఆ మూలకం వాటా ఎంతో చూడు. అన్నిట్లోకీ చిన్న వాటానే పరమాణువు. ఆక్సిజన్‌కి వచ్చేది 16. మెండలీవ్ ఆ సభలో ఉన్నాడు. 1869లో ఆయన పట్టికకి పునాది సరిచేసిన ఈ భారాలే. అవొగాడ్రో అప్పటికి పోయి నాలుగేళ్ళు.

ట్రిక్కు తప్పని కాదు. కానీ అది ముందే తేలిన జవాబుని వాడుకుంటుంది, తేల్చదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ తీసుకోండి. అందులో పరమాణువుల నిష్పత్తి నిజంగానే ఒకటికొకటి. నిష్పత్తితో ఆగితే చేతికొచ్చేది హెచ్‌ఓ, డాల్టన్ నీళ్ళకి రాసినదే. అణువు బరువు 34 అని తెలిస్తేనే హెచ్‌టూఓటూ రాయగలం.