కళ్ళతో నేర్చుకున్న ఇంగ్లీషు: లిజనింగ్ టెస్ట్ అంటే మనకెందుకంత భయం?

లాస్ట్ ఎపిసోడ్ తర్వాత చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, రీడింగ్ ఎలాగోలా లాగేస్తున్నాం, లిజనింగ్ దగ్గరే బ్యాండ్ పడిపోతోంది, ఏం చెయ్యాలి?" టిప్స్ చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి. నేను కొంచెం వెనక్కి తీసుకెళ్తాను, ఒక రెండొందల ఏళ్ళు. ఎందుకంటే ఈ భయం మీ ఒక్కరిది కాదు. జగ్గయ్యపేటలో చదివినా, నందిగామలో చదివినా, మన చదువులోకి ఇంగ్లీషు వచ్చిన దారే అలాంటిది.

ముందు అసలు లెక్క చూద్దాం. ఐఈఎల్‌టీఎస్ ఫీజు ఇప్పుడు 17 వేల పైమాటే. మన మెట్ట ఊళ్ళ భాషలో చెప్పాలంటే, మిర్చికి రేటు బాగున్న ఏడాది ఒక క్వింటా పోయినట్టే. చాలా యూనివర్సిటీలు మొత్తం మీద 6.5 అడుగుతాయి, ఏ సెక్షన్‌లోనూ 6కి తగ్గకూడదంటాయి. అంటే మిగతా మూడింటిలో 7 వచ్చి, లిజనింగ్‌లో 5.5 వస్తే మళ్ళీ మొదటికి. ఇంకో క్వింటా. కాబట్టి ఇది సరదా చరిత్ర కాదండి, ఇంట్లో డబ్బుల సంగతి.

ఇక కథలోకి వెళ్దాం. మన తెలుగువాళ్ళకి ఇంగ్లీషు వాళ్ళు లాంగ్వేజ్ ఎగ్జామ్ పెట్టకముందే, ఇంగ్లీషు వాళ్ళు తెలుగు ఎగ్జామ్ రాశారు! నిజం. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టారు. ఇంగ్లండ్ నుంచి దిగిన కుర్ర సివిలియన్లు అక్కడ తెలుగో తమిళమో నేర్చుకుని, పరీక్ష పాసయితేనే జిల్లాలకి పోస్టింగు. దాని వెనకున్న మనిషి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్. తెలుగు, తమిళం, కన్నడం లాంటివి సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వీటిది వేరే కుటుంబం అని 1816లోనే రాసింది ఆయనే. ఆ వ్యాసం ఎక్కడ అచ్చయిందో తెలుసా? ఏ.డి. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా. ఆ వ్యాకరణం కూడా ఈ కుర్ర దొరల పరీక్ష కోసం రాసిందే. అంటే మన భాషా కుటుంబం సంగతి ప్రపంచానికి మొదట తెలిసింది ఒక రకంగా ఎగ్జామ్ గైడ్‌లోంచే అన్నమాట.

సి.పి. బ్రౌన్ కూడా ఆ కాలేజీ స్టూడెంటే. 1817లో మద్రాసులో దిగాడు, 1820లో కడపకి పోస్టింగ్. తర్వాత మన బందరులోనూ పనిచేశాడు. ఈ దొరలకి ఎదురైన ఇబ్బంది ఊహించండి. కాలేజీలో పండితుడు చెప్పింది గ్రాంథికం. కచేరీలో రైతు వచ్చి చెప్పుకునేది వాడుక తెలుగు, అదీ గబగబా. పుస్తకంలో "ఎక్కడికి వెళ్ళుచున్నావు" అని ఉంటుంది. మనిషి నోట్లో "ఎక్కడికెల్తన్నా" అయిపోతుంది. మూడు మాటల్లాంటివి కలిసి ఒకే ముద్ద. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పనుంది.

అదే క్యాంప్‌బెల్ తర్వాత బళ్ళారి కలెక్టరయ్యాడు. 1822లో గవర్నర్ థామస్ మన్రో, ప్రతి జిల్లాలో బడులెన్ని ఉన్నాయో చెప్పమని కలెక్టర్లని అడిగాడు. చాలామంది అంకెలు పంపి ఊరుకున్నారు. క్యాంప్‌బెల్ మాత్రం 1823లో బడి లోపల ఏం జరుగుతోందో వివరంగా రాశాడు. పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు, ఎక్కాలు గట్టిగా వల్లిస్తున్నారు. పద్యాలు పొల్లుపోకుండా అప్పజెబుతున్నారు గానీ, ఆ పాత భాషకి అర్థం పిల్లాడికీ తెలియదు, చాలాచోట్ల పంతులుకీ తెలియదు. ఆయన ఫిర్యాదు అది. నాకు మాత్రం ఇందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. మన వీధిబడి నోటితో, చెవితో నడిచిన బడి. అర్థం వెనకబడినా, వినడం మాత్రం ముందుంది.

ఇంకా వెనక్కి వెళ్తే, జగ్గయ్యపేట ఊరి పక్కనే సాక్ష్యం ఉంది. అక్కడి బౌద్ధ స్తూపం తెలుసు కదా, 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ ఆయక స్తంభాలు ఇచ్చినట్టు ప్రాకృతంలో శాసనముంది. ఆ భిక్షువులకి బుద్ధుడి మాటలన్నీ విన్న సంగతులుగానే మొదలవుతాయి. బాగా చదువుకున్నవాణ్ణి మన భాషలో ఏమంటాం? బహుశ్రుతుడు. అంటే చాలా విన్నవాడు. చాలా చదివినవాడు అని కాదు! అలాంటి చోట పుట్టి మనం లిజనింగ్‌లో ఫెయిలవుతున్నాం చూడండి.

మరి ఎక్కడ మారింది? 1835లో మెకాలే నోట్ గురించి మీరందరూ విన్నారు, దాన్ని వదిలేద్దాం. మన జిల్లాకి సంబంధించి అంతకన్నా ముఖ్యమైన సంవత్సరాలు రెండు. 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ ఇంగ్లీషు స్కూలు పెట్టాడు, అదే తర్వాత నోబుల్ కాలేజీ. 1857లో మద్రాస్ యూనివర్సిటీ వచ్చింది. నందిగామ కుర్రాడికి ఇంగ్లీషు చదువంటే ఇక బందరు దారే, నూట పాతిక కిలోమీటర్లకి అటూ ఇటూ, అప్పట్లో బండి ప్రయాణం. నోబుల్ దగ్గర చదివినవాళ్ళు కొంత అదృష్టవంతులు, ఎదురుగా ఇంగ్లీషువాడే నిలబడి పాఠం చెప్పేవాడు. కానీ పరీక్ష మాత్రం మద్రాసులో తయారయ్యేది. మెట్రిక్యులేషన్ పాసవ్వాలంటే ఇంగ్లీషు తప్పనిసరి, ఆ ఇంగ్లీషంతా కాగితం మీదే. వ్యాకరణం, అనువాదం, ఫలానా పుస్తకంలో ఫలానా వాక్యానికి అర్థం రాయి.

ఎందుకలా? వాళ్ళకి వినడం మీద పగేం లేదు. పేపర్ అచ్చు వేసి, సీలు వేసి, పార్సెల్‌లో ఏ ఊరికైనా పంపొచ్చు. గొంతుని పార్సెల్ చెయ్యలేం. అప్పటికి రికార్డింగే లేదు. వందల ఊళ్ళలో ఒకే పరీక్ష పెట్టాలంటే కాగితమొక్కటే దారి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యే భాషలో, సిస్టమ్ దేన్ని కొలవగలదో దాన్నే సిలబస్ చేసుకుంది. పరీక్షలో లేనిది బడిలో ఉండదు, ఇది అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

దీని ఫలితం గురజాడ పట్టుకున్నంత బాగా ఎవరూ పట్టుకోలేదు. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడారు. వెంకటేశం పరీక్ష తప్పాడు. ఇంటికొస్తే తల్లికి కొడుకు ఇంగ్లీషు వినాలని ముచ్చట. గిరీశం, వెంకటేశం ఇద్దరూ పాఠాల్లో బట్టీ పట్టిన ముక్కలు ఒకరి మీద ఒకరు విసురుకుంటారు, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉండదు. తల్లి మురిసిపోతుంది. నవ్వొస్తుంది గానీ ఆలోచించండి, అక్కడ మాట్లాడేవాడూ వినట్లేదు, వినేవాళ్ళకీ తెలియట్లేదు. చెవి లేని ఇంగ్లీషు అది.

ఇంగ్లండ్‌లో మాత్రం గొప్పగా ఉందా అంటే, కేంబ్రిడ్జి వాళ్ళు 1913లో విదేశీయులకి ప్రొఫిషియెన్సీ పరీక్ష మొదలుపెట్టారు. మొత్తం పన్నెండు గంటల పరీక్ష, ముగ్గురు రాశారు, ముగ్గురూ ఫెయిల్! అందులో డిక్టేషన్ ఉంది, సంభాషణ ఉంది. విడిగా లిజనింగ్ పేపరు రావడానికి 1975 దాకా పట్టింది. అమెరికాలో టోఫెల్ 1964లో మొదలైంది, అందులో మొదట్నుంచీ లిజనింగ్ ఉంది. అప్పటికి టేపులు వచ్చేశాయి కదా, గొంతుని పార్సెల్ చెయ్యడం కుదిరింది. బ్రిటన్‌లో 1980లో ఈఎల్‌టీఎస్, 1989లో అది ఐఈఎల్‌టీఎస్ అయింది.

మన దగ్గర ఈ సంగతి తెలిసినవాళ్ళు లేరా? ఉన్నారు. హైదరాబాద్‌లో 1958లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు, ఇప్పటి ఇఫ్లూ అదే. అక్కడి ఆర్.కె. బన్సల్ 1960ల్లో ఒక పరిశోధన చేశారు: మనవాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు బ్రిటిష్ శ్రోతలకి ఎంత అర్థమవుతోంది? సగటున 70 శాతం చుట్టూ తేలింది. అంటే మూడో వంతుకి దగ్గర్లో గాల్లో కలిసిపోతోంది, అదీ చదువుకున్నవాళ్ళ మాట. ఆయన గట్టిగా పట్టుకున్న కారణాల్లో స్ట్రెస్ ఒకటి, మాటలో ఏ ముక్క మీద బరువు వెయ్యాలన్నది. హైదరాబాద్‌లో ఈ పరిశోధన జరుగుతుంటే, హైవే మీద నాలుగైదు గంటల దూరంలో ఉన్న మన హైస్కూళ్ళలో మాత్రం ఇంగ్లీషు పీరియడ్ అంటే నోట్స్ చెప్పడమే. బీటెక్‌లో చేరాక ల్యాబ్‌లో హెడ్‌ఫోన్స్ చూస్తాం. అప్పటికి పద్దెనిమిదేళ్ళొచ్చి ఉంటాయి.

ఇటీవలి సంగతి. 2023 జూన్‌లో ఏపీ ప్రభుత్వం టోఫెల్ నడిపే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వ బడుల్లో 3 నుంచి 5 వాళ్ళకి టోఫెల్ ప్రైమరీ, 6 నుంచి 9 వాళ్ళకి టోఫెల్ జూనియర్. 2024 ఏప్రిల్‌లో పరీక్ష కూడా పెట్టారు. అదే ఏడాది ప్రభుత్వం మారింది, కార్యక్రమం ఆగింది. ఏ పార్టీ చేసిందన్నది నాకు అనవసరం. ఖర్చు ఎక్కువ, పల్లెటూరి మూడో తరగతి పిల్లకి అమెరికా పరీక్షేంటి అన్న విమర్శలో న్యాయముంది. ముందు తెలుగు సరిగ్గా చదవడం రావాలి కదా అన్నదీ సబబే. కానీ ఒక్క మాట చెప్పి తీరాలి. 1857 నుంచి చూసుకుంటే, మన ప్రభుత్వ బడుల్లో అంతమంది పిల్లల్ని కూర్చోబెట్టి "వినండి, విని జవాబు రాయండి" అన్నది అదే. పరీక్ష తీసేస్తే తీసేశారు, ఆ వినే పీరియడ్ ఉంచాల్సింది. బడుల్లో స్క్రీన్లున్నాయి, స్పీకర్లున్నాయి, దానికి ఈటీఎస్‌తో పనేం లేదు.

సరే, ఇప్పుడు మీ సంగతి. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, అరగంట ఆడియో, ఒక్కసారే వినిపిస్తారు. మనకి చిక్కు ఎక్కడంటే, తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మనకి బస్సు, రోడ్ మనకి రోడ్డు. ప్రతి అక్షరాన్నీ పూర్తిగా పలుకుతాం. ఇంగ్లీషువాడు బరువు పడిన ముక్క పలికి మిగతాది మింగేస్తాడు. మనం 'కంఫర్టబుల్' కోసం ఎదురుచూస్తుంటే వాడు 'కంఫ్‌టబ్ల్' అని వెళ్ళిపోతాడు. 'వెజిటబుల్' కాస్తా 'వెజ్‌టబ్ల్'. కళ్ళతో చూసి నేర్చుకున్న మాట చెవికి దొరకదు. మాట మీకు వచ్చు, దాని మొహమే తెలుసు, గొంతు తెలియదు. 'ఎక్కడికెల్తన్నా' దగ్గర కుర్ర దొరకి ఎదురైందే ఇప్పుడు మీకు ఎదురవుతోంది, అంతే తేడా.

దానికి మందు కూడా పాతదే, డిక్టేషన్. బీబీసీదో ఇంకోటో, రాతప్రతి ఉన్న ఆడియో తీసుకోండి. ఒక్క నిమిషం ముక్క చాలు. ఆపుతూ ఆపుతూ విన్నది విన్నట్టు రాయండి. తర్వాత రాతప్రతితో పోల్చి, తప్పిన చోట్ల ఎర్రగీత గీయండి. ఆ గీతలు చూస్తే వారంలో మీకే తెలుస్తుంది, తప్పినవన్నీ రాని మాటలు కావు, వచ్చిన చిన్నచిన్న మాటలే, కలిసిపోయిన చోట తప్పాయని. ఆ ముక్కనే మళ్ళీ వాడితో పాటు పైకి అనండి. రోజూ గంటసేపు సినిమాలు సబ్‌టైటిల్స్‌తో చూడటం కంటే ఈ పదిహేను నిమిషాలు మేలు. సబ్‌టైటిల్స్ పెడితే మళ్ళీ కళ్ళే పనిచేస్తాయి కదా!

రీడింగ్ గురించి తక్కువే చెప్తాను, మనకి అది కొంత నయం. మూడు ప్యాసేజీలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. మనవాళ్ళు దెబ్బతినేది 'నాట్ గివెన్' దగ్గర. ప్యాసేజ్‌లో లేకపోయినా బయట మనకి తెలిసింది తెచ్చి 'ట్రూ' పెట్టేస్తాం. మాస్టారు అడిగితే ఏదో ఒకటి రాయాలి, ఖాళీ వదలకూడదు అన్న అలవాటు అది. ఇక్కడ "ఇందులో చెప్పలేదు" అన్నది కూడా పూర్తి మార్కులొచ్చే జవాబే.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో స్పీకింగ్ చూద్దాం. ఈలోపు ఒక నిమిషం ఆడియో, ఒక తెల్ల కాగితం, ఒక ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకోండి. ఉంటాను మరి.