ఎఫెసు ఆర్తెమిస్ దేవాలయము

ఆసియా మైనరు పశ్చిమతీరమున, నేటి తుర్కీదేశములోని సెల్చుక్ పట్టణము చెంత, వానలు కురిసినంతనే నీరు నిలుచు పల్లపునేల యొకటి కలదు. అందొక పాలరాతి స్తంభము ఒంటరిగా నిలిచియున్నది. అదియును పూర్వులు నిలిపినది కాదు. దొరకిన ముక్కలను ఒకదానిపై నొకటి పేర్చి ఇరువదవ శతాబ్దమున నిలిపినది. దాని కొనపై కొంగలు గూడు కట్టుకొనును. ప్రాచీనులు సప్తాద్భుతములలో నెన్నిన ఆర్తెమిస్ దేవి ఆలయమునకు, పునాదిరాళ్లు విడిచినచో, అచ్చట కంటి కానునది ఇంతమాత్రమే.

తెలుగు బైబిలు చదివినవారికి ఎఫెసు పట్టణమును, అర్తెమి దేవికి వెండిగుళ్లు చేయించిన దేమేత్రియును క్రొత్తకాదు. ఆ దేవియే ఈ దేవి. లిడియా రాజగు క్రీససు ధనసహాయముతో క్రీ.పూ. 550 ప్రాంతమున ఇచ్చట మహాలయము లేచెను. క్రీటు ద్వీపవాసులగు ఖెర్సిఫ్రోను, వాని కుమారుడు మెటాజెనీసు శిల్పాచార్యులు. భూకంపముల తాకిడి తగ్గునని కోరి చిత్తడినేలనే ఎన్నుకొని, పునాది క్రింద బొగ్గును, గొఱ్ఱెతోళ్లను పఱచిరని ప్లినీ వ్రాసెను. ఆలయము పూజాస్థలమే గాక శరణార్థులకు ఆశ్రయము, ధనవంతులకు బొక్కసము. గ్రీకు రచయిత జెనొఫోను యుద్ధమునకు పోవుచు తనయొద్దనున్న సొమ్మును ఇచ్చటి పూజారికి అప్పగించెను. పూజారి దానిని తరువాత భద్రముగా ముట్టజెప్పెను.

క్రీ.పూ. 356లో హెరోస్త్రాతు అనువాడు, తన పేరు లోకమున నిలువవలెనను కాంక్షతో గుడికి నిప్పంటించెను. వాని పేరెవ్వరును ఎత్తరాదని నగరవాసులు శాసించిరి. చరిత్రకారుడు థియోపొంపు ఆ పేరు వ్రాసిపెట్టెను. ఇప్పుడు నేనును వ్రాసితిని. గుడిని తిరిగి కట్టుటకు ఎఫెసు స్త్రీలు తమ నగలిచ్చిరని స్ట్రాబో చెప్పెను గాని, వారిలో ఒక్కరి పేరైనను చెప్పలేదు.

క్రీ.పూ. 334లో అలెగ్జాండరు ఆ నగరమునకు వచ్చి, ఖర్చంతయు తానే భరింతుననియు, ఆలయముపై తన పేరు చెక్కవలెననియు కోరెను. ఒక దేవుడు ఇతర దేవతలకు కానుకలిచ్చుట తగదని ఎఫెసువాసి యొకడు బదులు పలికెనట. ‘కాదు’ అని వ్రాయవలసివచ్చినపుడు మన కార్యాలయములలోను పనికివచ్చు జవాబిది.

క్రీ.శ. మూడవ శతాబ్దమున గోతులు ఆలయమును దోచిరి. క్రైస్తవమతము ప్రబలినపిదప పూజలుడిగెను. రాళ్లను ఇతర కట్టడములకు మోసికొనిపోయిరి. మిగిలినదానిని కైస్టరు నది తెచ్చిన ఒండ్రు కప్పివేసెను. తుదకు గుడి ఎచ్చట నుండెనో చెప్పగలవారే లేకపోయిరి.

దానిని వెదకినవాడు జాన్ టర్టిల్ వుడ్ అను ఆంగ్ల వాస్తుశిల్పి. రైలుస్టేషన్ల నమూనాలు గీయుటకు ఆ దేశమునకు వచ్చినవాడు, 1863లో బ్రిటిష్ మ్యూజియము అండతో త్రవ్వకములు ఆరంభించెను. ఏండ్లు గడచినను గుడి జాడ లేదు. అంతట నగరపు నాటకశాలలో ఒక దీర్ఘశాసనము దొరకెను. క్రీ.శ. 104 నాటి ఆ శాసనము సలుటారిసు అను శ్రీమంతుని ధర్మనిధికి సంబంధించినది. వడ్డీ ఎవరెవరికి పంచవలెనో, బంగారు వెండి ఉత్సవవిగ్రహములను ఎవరు మోయవలెనో అందు వివరముగా నున్నది. ఊరేగింపు గుడినుండి బయలుదేరి మగ్నీసియా ద్వారముగుండ నాటకశాలకు వచ్చి, కొరెసు ద్వారముగుండ మరలిపోవలెనట. దీనిలో కవిత్వము లేదు, స్తోత్రము లేదు. కేవలము ఆఫీసు ఉత్తర్వు. వుడ్డునకు కావలసినదదియే. ద్వారమును కనుగొని, అచ్చటినుండి ప్రాచీన మార్గము వెంబడి త్రవ్వుకొనుచు పోయెను. 1869లో ప్రాకారమును, ఆ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన దాదాపు 20 అడుగుల లోతున ఆలయపు పాలరాతి నేలను చూచెను. అప్పుడు దొరకిన స్తంభశకలములు కొన్ని లండనుకు చేరినవి. వానిలో క్రీససు దానమును తెలుపు అక్షరములు గలవి బ్రిటిష్ మ్యూజియములో నున్నవి.

1904-05లో హోగార్తు అను పండితుడు పంపులతో నీరు తోడించి మరింత లోతు చూచెను. క్రీససు గుడికి అడుగున అంతకంటె పాతగుడి బయటపడెను. దాని పునాదులయొద్ద దంతపు బొమ్మలు, స్వర్ణాభరణములు, బంగారము వెండి కలిసిన లోహముతో ముద్రించిన నాణెములు లభించినవి. లోకమున తొలుదొల్త పుట్టిన నాణెములలో అవి చేరినవి.