కంప్యూటర్ విద్యలో మూడు పాయలు: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

సమాచార సాంకేతిక విద్య పేరుతో నేడు మూడు అంశాలు ఒకే పాఠ్యప్రణాళికలో కనిపిస్తాయి. యంత్రం పనిచేసే తీరు తెలియడం మొదటిది. సమస్యను విడమరచి పరిష్కరించడం రెండవది. పదిమంది కలిసి చేసే పనిని గడువులోగా ముగించడం మూడవది. ఈ మూడూ ఒకేచోట పుట్టినవి కావు. మొదటిది ప్రయోగశాలల్లో, రెండవది గణితబోధనలో, మూడవది సైనిక, పారిశ్రామిక నిర్మాణాల్లో రూపుదిద్దుకున్నాయి. వీటి చరిత్రను విడివిడిగా చూసినప్పుడే, తెలుగునేలపై కంప్యూటర్ విద్య వేగంగా వ్యాపించిన కాలంలో విద్యార్థికి ఏది అందిందో, ఏది అందలేదో తెలుస్తుంది.

2. గణితబోధన నుంచి సమస్యాపరిష్కారం:

హంగేరీలో జన్మించి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బోధించిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో ‘హౌ టు సాల్వ్ ఇట్’ అనే గ్రంథాన్ని వెలువరించారు. సమస్యను అర్థం చేసుకోవడం, పథకం వేయడం, దాన్ని అమలుచేయడం, చేసినదాన్ని తిరిగి పరిశీలించడం అనే నాలుగు దశలను ఆయన సూత్రీకరించారు. ఈ గ్రంథం కంప్యూటర్ల కోసం రాసినది కాదు. అయితే 1957లో ఫోర్ట్రాన్ భాష వచ్చాక గణిత సూత్రానికి దగ్గరగా ఉండే రూపంలోనే ప్రోగ్రాము రాయడం సాధ్యమైంది. యంత్రసంకేతాలతో కుస్తీ తగ్గేకొద్దీ సమస్యను ఎలా ఆలోచించాలన్న ప్రశ్న ముందుకు వచ్చింది. ఆర్. జి. డ్రోమీ 1982లో రాసిన పాఠ్యగ్రంథానికి ‘హౌ టు సాల్వ్ ఇట్ బై కంప్యూటర్’ అని పేరు పెట్టడంలో పోల్యా ప్రభావం స్పష్టం. భారతీయ ఇంజనీరింగ్ కళాశాలల్లో ఆ గ్రంథం విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

3. నిర్మాణరంగం నుంచి ప్రాజెక్టు నిర్వహణ:

పెద్ద పనిని చిన్న పనులుగా విభజించి, ఏది ముగిస్తే ఏది మొదలుపెట్టవచ్చో గుర్తించి, వాటిలో అతి దీర్ఘమైన వరుసను బట్టి మొత్తం కాలాన్ని లెక్కించే పద్ధతులు 1950ల చివర్లో వచ్చాయి. డ్యూపాంట్ సంస్థలో 1957 ప్రాంతంలో రూపొందిన క్రిటికల్ పాత్ పద్ధతి, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం 1958లో చేపట్టిన పెర్ట్ పద్ధతి ఈ కోవకు చెందినవి.

సాఫ్ట్‌వేర్ ఈ లెక్కకు అంత సులువుగా లొంగలేదు. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360 యంత్రాల ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణం బాగా ఆలస్యమైంది. ఆ నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ అనే గ్రంథంలో ఆ అనుభవాన్ని విశ్లేషించారు. వెనుకబడిన సాఫ్ట్‌వేర్ పనికి కొత్త మనుషులను చేరిస్తే అది మరింత వెనుకబడుతుందన్నది ఆయన తేల్చిన విషయం. కొత్తవారికి పని నేర్పడానికి పాతవారి సమయమే ఖర్చవుతుంది. పైగా, ఐదుగురు ఒకరితో ఒకరు సంప్రదించుకోవాలంటే 10 జతలు ఏర్పడతాయి. పదిమందికి 45 అవుతాయి. 1968లో పశ్చిమజర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో జరిగిన సదస్సు ఇటువంటి వైఫల్యాలనే ‘సాఫ్ట్‌వేర్ సంక్షోభం’గా చర్చించింది.

4. భారతదేశంలో శిక్షణ, తెలుగునేల:

కాన్పూర్ ఐఐటీలో 1963లో ఐబీఎం 1620 యంత్రాన్ని నెలకొల్పారు. విద్యార్థులతోపాటు బయటి సంస్థల శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు కూడా అక్కడ ఫోర్ట్రాన్ నేర్చుకున్నారు. వారిలో చాలామంది తమ పరిశోధనల్లోని లెక్కలతో వచ్చినవారే. అంటే సమస్య ముందు, భాష తరువాత. 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఈసీఐఎల్ దేశీయ కంప్యూటర్లను తయారుచేసింది. 1978లో ఐబీఎం దేశం విడిచివెళ్లగా, ఆ యంత్రాల నిర్వహణ ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ చేతికి వచ్చింది. 1985–86లో అదే సంస్థ ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్లను కంప్యూటరీకరించింది. ఇటువంటి సంస్థల్లో యంత్రపరిజ్ఞానం, సమస్యాపరిష్కారం, నిర్వహణ పనిలోనే కలిసి అబ్బాయి.

1990లలో ఈ క్రమం తారుమారైంది. సంవత్సరాన్ని రెండంకెలతో నమోదుచేసిన పాత కోబోల్ ప్రోగ్రాములను 2000 సంవత్సరంలోపు సరిదిద్దవలసిరావడంతో విదేశాల్లో ప్రోగ్రామర్లకు గిరాకీ పెరిగింది. హైదరాబాద్‌లోని అమీర్‌పేట, ముఖ్యంగా మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలు, శిక్షణకేంద్రాలతో నిండిపోయాయి. జిల్లాల నుంచి వచ్చిన సామాన్య పట్టభద్రులకు తక్కువ ఖర్చుతో ఉద్యోగద్వారం తెరిచిన ఘనత వాటికి దక్కుతుంది. అయితే నియామకాలు భాష పేరుతోనో, ఉపకరణం పేరుతోనో జరిగినందువల్ల బోధన కూడా అలాగే విభజితమైంది. కొద్దివారాల శిక్షణలో మొదటి పాయ మాత్రమే ఇమిడింది. మిగిలిన రెండూ ఉద్యోగంలో చేరాక నేర్చుకోవలసినవిగా మిగిలాయి. చేరలేకపోయినవారికి అవి అందనేలేదు.

5. బోధనభాష:

ఆ తరగతుల్లో సాంకేతికపదాలు ఇంగ్లీషువైనా, వివరణ తరచుగా తెలుగులోనే సాగింది. క్లిష్టమైన భావనను తెలుగు మోయగలదని ఆ గదులు నిరూపించాయి. కానీ ఆ వివరణ నోటిమాటగానే నిలిచిపోయి పుస్తకరూపం పొందిన సందర్భాలు తక్కువ. దీనివల్ల ఎక్కువ నష్టం జరిగింది రెండవ పాయకే. సమస్యను మరోవిధంగా చెప్పగలవా అన్నది పోల్యా విద్యార్థిని అడిగే ప్రశ్నల్లో ఒకటి. స్వేచ్ఛగా మాట్లాడలేని భాషలో సమస్యను తిరిగి చెప్పవలసివచ్చిన విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. అతనికి తెలియనిది తర్కం కాదు, దాన్ని చెప్పే భాష.

తెలుగుకు ఈ పని కొత్తదేమీ కాదు. మహావీరాచార్యుని సంస్కృత ‘గణితసారసంగ్రహా’న్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను మాటల్లో పెట్టి, దాన్నుంచి పద్ధతిని రాబట్టే సంప్రదాయం మన సాహిత్యచరిత్రలో భాగమే.

6. ముగింపు:

ప్రోగ్రామింగ్ భాషలు మారుతుంటాయి, ఉపకరణాలు పాతబడతాయి. సమస్యను విడమరచడం, పనిని అంచనావేయడం, బృందంతో స్పష్టంగా మాట్లాడడం నిలిచి ఉంటాయి. ఇవి మూడూ భాషతో ముడిపడిన నైపుణ్యాలు. అందువల్ల వీటికి తెలుగులో పాఠ్యసామగ్రిని రూపొందించే బాధ్యత కంప్యూటర్ శాఖలది మాత్రమే కాదు, తెలుగు శాఖలది కూడా.